ఛార్జింగ్ కేంద్రం.. కారు ఆగే చోటే కావాలి

పుత్తూరు: చెన్నైలో పూర్తిగా ఛార్జింగ్ చేసుకుని తిరుమలకు బయల్దేరిన విద్యుత్తు కారు తిరుత్తణి, నగరి దాటి పుత్తూరు చేరేసరికి సుమారు 105 కిలోమీటర్లు నడుస్తుంది. బ్యాటరీ కొంచెం పెద్దదైతే నిల్వ ఇంకా సగానికి పైగానే ఉంటుంది. చోదకుడు పుత్తూరు వైపు చూడను కూడా చూడడు. అదే కారు మరునాడు కొండ దిగి తిరుగు ప్రయాణంలో ఇక్కడికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. ముందున్న దూరం అదే 105 కిలోమీటర్లు. మిగిలిన నిల్వ మాత్రం అందుకు చాలదు. విద్యుత్తు కార్లకు ప్రజా ఛార్జింగ్ కేంద్రాలను ఎక్కడ విస్తరించాలన్న ప్రశ్నకు పుత్తూరులో సమాధానం వెతకాలంటే ఈ లెక్కతోనే మొదలుపెట్టాలి.

రోడ్డు మీద ఎన్ని వాహనాలు వెళ్తున్నాయన్నది ఒక్కటే చూసి కేంద్రం పెడితే, వెళ్లే వాహనాలు వెళ్తూనే ఉంటాయి. యంత్రం ఖాళీగా ఉంటుంది. పెట్రోలు బంకులో పని ఐదు నిమిషాల్లో ముగుస్తుంది కనుక దానికి రద్దీ చాలు. ఛార్జింగ్‌కు అరగంట నుంచి ఆరు గంటల వరకు పడుతుంది. అంతసేపు మనుషులు వేరే పని మీద ఎక్కడ ఆగుతారో అక్కడే దానికి గిరాకీ.

తిరుమల ప్రయాణం.. యూనిట్ల లెక్క

మధ్యతరహా విద్యుత్తు కారు ఒక యూనిట్‌కు ఆరు నుంచి ఏడు కిలోమీటర్లు నడుస్తుంది. వేగం, ఏసీ వాడకం, బరువును బట్టి ఇది పెరుగుతుంది, తగ్గుతుంది. చెన్నై నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డుతో కలిపి సుమారు 160 కిలోమీటర్లు. సగటున ఆరున్నర కిలోమీటర్ల చొప్పున చూస్తే పాతిక యూనిట్లు అవసరం. కొండ ఎక్కడానికి అయ్యే అదనపు ఖర్చు వేరు. టన్నున్నరకు పైగా బరువున్న కారును ఏడు వందల మీటర్ల ఎత్తుకు చేర్చడానికి మరో మూడు యూనిట్లు కావాలి. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేస్తూ కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి అందిస్తుంది కనుక అలిపిరి చేరేవరకు దాదాపు ఖర్చు ఉండదు.

45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు ఈ లెక్కన తిరుమల చేరేసరికి 17 యూనిట్లు మిగుల్చుకుంటుంది. తిరుపతి నుంచి పుత్తూరుకు 35 కిలోమీటర్లు నడిచాక 12 యూనిట్లు మిగులుతాయి. చెన్నైకి 16 కావాలి. అంటే ఈ కారుకు పుత్తూరులో కావలసింది నిండా ఛార్జింగ్ కాదు, ఓ ఇరవై నిమిషాలు ఆగి ఎనిమిది, పది యూనిట్లు ఎక్కించుకునే వెసులుబాటు. 30 యూనిట్ల చిన్న బ్యాటరీ కారు కథ వేరు. అది వెళ్లేటప్పుడే పుత్తూరులోనో తిరుపతిలోనో ఆగకపోతే కొండెక్కడం సాహసమే అవుతుంది. వచ్చేటప్పుడూ ఆగక తప్పదు.

కాబట్టి జాతీయ రహదారిపై కేంద్రం రెండు వైపులా ఉండాలి. ఒక వైపే పెడితే అవతలి వారు విభాగిని దాటేందుకు యూ టర్న్ వెతుక్కుంటూ వెళ్లాలి. నిల్వ అడుగంటిన కారుకు అదనంగా నడిచే ప్రతి కిలోమీటరూ భారమే. కేంద్ర విద్యుత్తు మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో సవరించిన మార్గదర్శకాలు కూడా జాతీయ రహదారులపై ఇరువైపులా ప్రతి 20 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలని సూచించాయి. అంతకుముందు ఈ దూరం 25 కిలోమీటర్లుగా ఉండేది. చెన్నై నుంచి రేణిగుంట మీదుగా కడప వైపు సాగే 716వ నెంబరు జాతీయ రహదారికి (పాత లెక్కలో ఇది 205) ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే రేణిగుంట దాటాక రాష్ట్ర సరిహద్దు వరకు వడమాలపేట, పుత్తూరు, నగరి సహజమైన మజిలీలుగా కనిపిస్తాయి. వడమాలపేట మండలంలో ఎస్వీపురం టోల్‌ప్లాజా ఉంది. వాహనాలు ఎలాగూ వేగం తగ్గించే చోటు అది.

పెరటాసి శనివారాల్లో ఏమవుతుంది?

సగటు రోజు లెక్క చూసి తృప్తిపడితే ఈ దారిలో పొరపాటే. తమిళులకు పవిత్రమైన పెరటాసి మాసంలో, అందునా శనివారాల్లో, చెన్నై, తిరువళ్లూరు, కాంచీపురం వైపు నుంచి తిరుమలకు భక్తులు పోటెత్తుతారు. ఆడికృత్తికకు తిరుత్తణి దారి కిటకిటలాడుతుంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి సరేసరి. ఆ రోజుల్లో తిరుపతి నగరంలోని కేంద్రాల వద్ద వరుస ఏర్పడితే, కొండ దిగినవారికి తర్వాతి ఆశ పుత్తూరే.

ఒకే గన్ ఉన్న కేంద్రంలో ఒక కారు నలభై నిమిషాలు ఉంటే వెనుక వచ్చినది అంతసేపూ నిరీక్షించాలి. మూడోది వస్తే గంటా ఇరవై నిమిషాలు. ఆ యంత్రం మొరాయిస్తే కేంద్రమే లేనట్లు. ఊరి నాలుగు దిక్కులా ఒక్కో గన్ చొప్పున నాలుగు కేంద్రాలు పెట్టడం పటం మీద చూడ్డానికి బాగుంటుంది. వాడేవారికి మాత్రం ఒకేచోట నాలుగు గన్‌లు ఉండటమే మేలు. ఒకటి పనిచేయకున్నా మూడు మిగులుతాయి. ఏది ముందు ఖాళీ అయితే దానికి మారవచ్చు. రహదారి పక్కన విస్తరణ అంటే కొత్త స్థలాల వేట కన్నా ఉన్న చోట గన్‌ల సంఖ్య పెంచడమే ముందుగా చేయాల్సిన పని.

తిరుమల ఘాట్ రోడ్డులో ఆర్టీసీ విద్యుత్తు బస్సులు 2022 సెప్టెంబరు 27న ప్రారంభమయ్యాయి. అవి అలిపిరి డిపోలో ఛార్జింగ్ చేసుకుంటాయి. ఏ బస్సు ఎన్ని గంటలకు తిరిగి వస్తుందో డిపోకు తెలుసు, దాన్నిబట్టి వరుస సిద్ధంగా ఉంటుంది. కార్లకు అలాంటి పట్టిక లేదు. ఎప్పుడు ఎన్ని వస్తాయో తెలియని చోట అదనపు సామర్థ్యం ఒక్కటే మార్గం.

రాచపాళెంలో నిరీక్షణ.. అక్కడే అవసరం

రహదారి మాట పక్కన పెడితే, పుత్తూరుకు బయటివారు పని మీద వచ్చి గంటల తరబడి ఆగే చోటు ఒకటుంది. అది రాచపాళెం. ఎముకలు విరిగినవారికి తరతరాలుగా ఇక్కడ వేసే కట్టు ‘పుత్తూరు కట్టు’గా దక్షిణాది అంతటా ప్రసిద్ధి పొందింది. ఆంధ్రతోపాటు తమిళనాడు, కర్ణాటకల నుంచి కార్లలో, ఆటోల్లో, అంబులెన్సుల్లో రోగులను తీసుకొస్తారు. వరుసలో కూర్చుని, కట్టు వేయించుకుని, కాస్త సేద తీరాకే తిరుగు ప్రయాణం. కట్టు మార్పించుకునేందుకు మళ్లీ రావాలి.

కాలు విరిగిన మనిషిని వెనుక సీట్లో పడుకోబెట్టుకుని వెళ్తున్న కుటుంబం దారిలో మరో చోట ఛార్జింగ్ కోసం ముప్పావుగంట ఆగవలసి వస్తే ఆ బాధ చెప్పనలవి కాదు. రోగి లోపల కట్టు వేయించుకుంటున్నప్పుడే బయట కారు ఛార్జింగ్ అయితే ఆ అవస్థ తప్పుతుంది. పైగా ఇక్కడ ఖరీదైన వేగవంతమైన యంత్రాలు కూడా అక్కర్లేదు. రెండు మూడు గంటల నిరీక్షణకు 7.2 కిలోవాట్ల సాధారణ యంత్రం ఇరవై యూనిట్ల దాకా ఎక్కిస్తుంది. అత్యవసరంగా వెళ్లాల్సిన వారి కోసం 30 కిలోవాట్ల యంత్రం ఒకటి ఉంటే సరిపోతుంది. పుత్తూరు చుట్టుపక్కల మొదటి విడతలో ఏ స్థలాన్ని ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే రాచపాళెం పేరే ముందు చెప్పాలి.

ఇదే సూత్రం నారాయణవనానికీ వర్తిస్తుంది. పద్మావతీ శ్రీనివాసుల కల్యాణం జరిగినట్లు చెప్పే ఈ క్షేత్రంలో తితిదే ఆధ్వర్యంలోని కల్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. ఇక్కడి నుంచి పిచ్చాటూరు, నాగలాపురం, సురుటుపల్లి మీదుగా ఊత్తుకోట వైపు వెళ్లే దారి చెన్నైకి మరో మార్గం. ఆలయాలు చూసుకుంటూ వెళ్లే వారు ఇటు మళ్లుతారు. అప్పలాయగుంట, కార్వేటినగరం ఆలయాలను కలుపుకొని తిరిగే యాత్రికులూ ఉన్నారు. నారాయణవనంలో ఒక కేంద్రం పెడితే గుడికి వచ్చినవారికీ, ఊత్తుకోట దారి పట్టినవారికీ, సమీపంలోని ఇంజినీరింగ్ కళాశాలల సిబ్బందికీ అక్కరకొస్తుంది. కైలాసకోన జలపాతం వద్ద కూడా కావాలన్న మాట వినడానికి బాగుంటుంది. కొండ అంచుకు విద్యుత్తు లైను తీసుకెళ్లాలి, చెల్లింపులకు సెల్‌ఫోన్ సిగ్నల్ నిలకడగా ఉండాలి, వర్షాకాలం తప్ప మిగతా రోజుల్లో గిరాకీ ఉండాలి. అది తర్వాత చూడవలసిన స్థలం.

చిత్తూరు నుంచి తచ్చూరుకు చేపట్టిన ఆరు వరుసల రహదారిని చూసి పుత్తూరులో లెక్కలు వేయడం సరికాదు. బెంగళూరు వైపు నుంచి చెన్నై ఓడరేవులకు వెళ్లే భారీ వాహనాలకు ఉద్దేశించిన దారి అది. దాని అవసరాలు దాని పక్కనే తీర్చాలి.

ట్రాన్స్‌ఫార్మర్ మోయగలదా?

స్థలం కుదిరినంత మాత్రాన సరిపోదు. 60 కిలోవాట్ల యంత్రం ఒక్కటి పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే, వీధిలో కనిపించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగిన భారంలో సగానికి పైగా దానికే పోతుంది. మిగిలినది ఆ వీధిలోని ఇళ్లు, దుకాణాలు పంచుకోవాలి. పుత్తూరు, నారాయణవనం, నగరి ప్రాంతాలకు ఒక ప్రత్యేకత కూడా ఉంది. ఇక్కడ మరమగ్గాలపై ఆధారపడిన కుటుంబాలు అధికం. వోల్టేజీ పడిపోతే మగ్గం ఆగుతుంది, ఆ పూట కూలీ పోతుంది. బయటి ఊళ్ల కార్లకు సదుపాయం కల్పించబోయి నేతన్నల పొట్ట కొట్టే పరిస్థితి రాకూడదు. అందుకే వేగవంతమైన యంత్రాలకు ప్రత్యేక ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. సబ్‌స్టేషన్‌కు దగ్గరగా, 11 కేవీ లైను అందుబాటులో ఉన్న స్థలాన్ని ఎంచుకుంటే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. ఈ ప్రాంతానికి విద్యుత్తు సరఫరా చేసే దక్షిణ ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థ కేంద్ర కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఏ ఫీడరుపై ఎంత భారం ఉందన్న సమాచారం ఆ సంస్థ వద్ద ఉంటుంది. స్థలాల ఎంపికకు ముందే ఆ పటాన్ని పక్కన పెట్టుకోవాలి.

ఏ వేళలో ఛార్జింగ్ జరుగుతుందన్నది కూడా ముఖ్యమే. 2024 మార్గదర్శకాల ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 గంటల వరకు, సౌర విద్యుత్తు పుష్కలంగా లభించే వేళల్లో, ఛార్జింగ్ కేంద్రాలకు సరఫరా ధర సగటు వ్యయంలో 0.7 వంతు ఉండాలి. మిగతా వేళల్లో 1.3 వంతు. దాదాపు రెట్టింపు తేడా. రాచపాళెం, ఆలయాలు, కళాశాలల వద్దకు జనం వచ్చేది పగలే కనుక ఈ ఏర్పాటు ఆ స్థలాలకు కలిసొస్తుంది. మరమగ్గాలు, వ్యవసాయ పంపుసెట్లు కూడా పగలే నడుస్తాయి కాబట్టి ఫీడరు సామర్థ్యాన్ని ఆ వేళలకే సరిచూడాలి.

ఊరివారి సంగతేమిటి?

ఛార్జింగ్ కేంద్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రహదారి మీది బాటసారులే గుర్తుకొస్తారు. పుత్తూరులో ఉండి తిరుపతికో నగరికో రోజూ వెళ్లివచ్చే ఉద్యోగి విద్యుత్తు కారు కొనాలనుకుంటే అడిగే మొదటి ప్రశ్న వేరు. రాత్రి ఎక్కడ పెట్టుకోవాలి? సొంతిల్లు, ఆవరణ ఉన్నవారికి చింత లేదు. ఇంట్లోని 15 ఆంపియర్ల సాకెట్ నుంచి ఆరు గంటల్లో ఇరవై యూనిట్లు ఎక్కుతాయి. ఇంటి కనెక్షన్‌తోనే కారును ఛార్జింగ్ చేసుకోవచ్చని 2022 జనవరి మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. పాత వీధుల్లో గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్లవారికి, అద్దె ఇళ్లవారికి ఆ వీలు లేదు. వీధిలో నిలిపిన కారుకు మేడ మీది నుంచి తీగ వేలాడదీయడం ప్రమాదకరం.

వీరికి కావలసింది వేగవంతమైన యంత్రం కాదు. బస్టాండు, రైల్వేస్టేషన్ వద్ద ఉదయం కారు నిలిపి రైలెక్కి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేవారికి ఎనిమిది గంటల వ్యవధి దొరుకుతుంది. రేణిగుంట - అరక్కోణం మార్గంలో ఉన్న పుత్తూరు స్టేషన్ నుంచి అటు తిరుపతికి, ఇటు చెన్నైకి రైళ్లున్నాయి. 3.3 కిలోవాట్ల సాకెట్లు పది పెట్టినా మొత్తం భారం 33 కిలోవాట్లే. అంటే ఒక 60 కిలోవాట్ల యంత్రానికి కావలసిన దానిలో సుమారు సగం విద్యుత్తుతో పది కార్లను ఏకకాలంలో ఛార్జింగ్ చేయవచ్చు. ఖర్చు తక్కువ, ట్రాన్స్‌ఫార్మర్‌పై ఒత్తిడీ తక్కువ. హంగు లేని పని కాబట్టే కాబోలు, ప్రణాళికల్లో దీనికి తరచూ చివరి స్థానం దక్కుతుంటుంది.

నిధులు ఎక్కడి నుంచి?

దేశంలో 2024 డిసెంబరు నాటికి 25,202 ప్రజా ఛార్జింగ్ కేంద్రాలు ఉండగా ఒక్క కర్ణాటకలోనే 5,765 ఉన్నాయి. ఈ అసమానతకు కారణం స్పష్టమే. ప్రైవేటు సంస్థలు గిరాకీ ఉన్న మహానగరాలకు వెళ్తాయి. 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన పీఎం ఇ-డ్రైవ్ పథకంలో మొత్తం రూ.10,900 కోట్లకుగాను ఛార్జింగ్ కేంద్రాలకు రూ.2,000 కోట్లు ప్రత్యేకించారు. 2025 సెప్టెంబరులో వెలువడిన నిబంధనలు పది లక్షల జనాభా దాటిన నగరాలు, స్మార్ట్ సిటీలు, రాష్ట్ర రాజధానులు, రద్దీ రహదారుల వంటి వాటికి ప్రాధాన్యమిచ్చాయి. స్మార్ట్ సిటీ హోదా ఉన్న తిరుపతి ఆ జాబితాలో ఇమిడిపోతుంది. పుత్తూరు పురపాలక సంఘానికి ఊరి పేరు మీద ఆ అర్హత దక్కదు.

అయితే మరో ద్వారం తెరిచే ఉంది. అదే నిబంధనల ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణల్లో అందరికీ ప్రవేశం ఉండేలా కేంద్రం పెడితే విద్యుత్తు లైన్ల ఏర్పాటుకూ యంత్రాలకూ నూరు శాతం రాయితీ లభిస్తుంది. రైల్వేస్టేషన్లు, బస్టాండ్లు, ప్రభుత్వ రంగ చమురు సంస్థల బంకులు, టోల్‌ప్లాజాల వద్ద లైన్లకు 80 శాతం, యంత్రాలకు 70 శాతం ఇస్తారు. పుత్తూరులో ప్రభుత్వ ఆసుపత్రి, ఆర్టీసీ డిపో, రైల్వేస్టేషన్ ఉన్నాయి. రహదారి జాతీయ రహదారి. స్థలాలవారీగా ప్రతిపాదన సిద్ధం చేస్తే ఊరికి రావలసిన వాటా వస్తుంది. ‘పుత్తూరు పట్టణానికి కేంద్రాలు’ అని ఒక్క వాక్యంలో అడిగితే రాదు. రాష్ట్రంలో ఈ వ్యవహారాలకు నోడల్ సంస్థ నెడ్‌క్యాప్.

రాచపాళెం వంటి చోట ప్రైవేటు స్థలమైతే యంత్రాలకు ఈ రాయితీ ఉండదు, లైన్ల వ్యయంలో మాత్రమే సాయం అందుతుంది. అయినా అక్కడ లాడ్జీలు, హోటళ్ల వారు సొంతంగా ముందుకు రావడానికి అడ్డంకి లేదు. ఛార్జింగ్ కేంద్రం నడపడానికి విద్యుత్తు విక్రయ లైసెన్సు అక్కర్లేదని, అది సేవ మాత్రమేనని కేంద్రం 2018లోనే తేల్చిచెప్పింది. స్థలం, భద్రతా ప్రమాణాలు, విద్యుత్తు కనెక్షన్ ఉంటే ఎవరైనా పెట్టవచ్చు. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం దరఖాస్తు అన్నివిధాలా సక్రమంగా అందాక పురపాలక ప్రాంతాల్లో ఏడు రోజుల్లో, గ్రామాల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. కొత్తగా లైన్లు పొడిగించాల్సి వస్తే ఈ గడువు వర్తించదు. లైనుకు దగ్గరగా ఉన్న స్థలం వెతుక్కోవడంలో దరఖాస్తుదారుకు ఇది మరో లాభం.